అందరి చీరలూ హేమ భుజం మీదే

చెన్నై పురసవాక్కంలో ఉండే హేమమాలినికి చుట్టాల్లో గొప్ప గిరాకీ. ఎవరింట్లో పెళ్ళి కుదిరినా పురోహితుడికంటే ముందు ఆమెకు ఫోను వస్తుంది. "హేమా, వచ్చే ఆదివారం ఖాళీయేనా? ముహూర్తం చీర తీయాల" అంటారు. ఆమె ఖాళీగా ఉందా లేదా అన్నది నిజానికి ప్రశ్న కాదు. అంబత్తూరులో రబ్బరు వాషర్లు చేసే ఒక యూనిట్లో తయారైన సరుకును తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. ఆదివారం సెలవు. మొగుడా, పిల్లలా? ఖాళీ కాక మరేమిటి అనుకునే చుట్టాలకు ఏ ఊళ్ళోనూ కరువు లేదు.

చీర ఎంచడానికి పిలుస్తారనుకునేరు. ఎంచడానికి ఇంటినిండా పెద్దవాళ్ళున్నారు, ఒకరి మాట ఒకరు వినని వాళ్ళు. హేమను పిలిచేది నిలబడడానికి.

ఈ సంగతి కొంచెం విప్పి చెప్పాలి. వీళ్ళ వంశంలో ఒక ఆచారం ఉంది. ముహూర్తం చీరను పెళ్ళికూతురు ముందుగా ఒంటిమీద వేసుకోకూడదు. దుకాణంలో అద్దం ముందు భుజాన వేసి చూసుకోవడం కూడా పనికిరాదు. మరి రంగు నప్పుతుందో లేదో తెలిసేదెలా? అందుకని పెళ్ళికాని ఇంకో పిల్లను పెళ్ళికూతురి బదులు అద్దం ముందు నిలబెడతారు. ఆ పిల్ల భుజాన చీర వేసి, కుచ్చిళ్ళు పట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, తల పక్కకు వంచి చూస్తారు. పెళ్ళికూతురు స్టూలు మీద కూర్చుని చూస్తుంది. చదువు అయిపోయిన ఏడు, పిన్ని కూతురి బదులు మొదటిసారి అలా నిలబడింది హేమ. బాగా నిలబడింది. కదలలేదు, విసుక్కోలేదు, ఆకలి అనలేదు. మోసే ఎద్దుకే ఇంకో బస్తా అన్నట్టు, ఆ తరవాత ఇంటావంటా ఏ ముహూర్తం చీరా ఆమె భుజం ఎక్కకుండా పోలేదు. ఆమెకంటే చిన్నవాళ్ళవీ, వాళ్ళ చెల్లెళ్ళవీ, చివరికి తను ఎత్తుకుని పెంచిన అన్నకూతురు రంజనిదీ.

అలాంటి హేమమాలినికి నలభై ఆరో ఏట పెళ్ళి కుదిరింది.

కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు. ఈ కల్యాణం మాత్రం తీరిగ్గా, దారిలో ఎక్కడెక్కడో ఆగి, చూడవలసినవన్నీ చూసుకుంటూ వచ్చింది. పెళ్ళికొడుకు ఆనందన్ పక్క యూనిట్లో స్టోర్సు చూస్తాడు. టీ బంకు దగ్గర పరిచయం. మూడేళ్ళపాటు ఇద్దరూ తమిళంలోనే మాట్లాడుకున్నారు. ఒకరోజు అతనికి తిరుత్తణి నుంచి వాళ్ళక్క ఫోను చేస్తే, "ఆఁ, అన్నం తినేసినా కా" అన్నాడు. హేమ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. చెన్నైలో తెలుగువాళ్ళు ఒకరికొకరు దొరికేది ఇలాగే. అక్కల సంసారాలు ఒక గట్టుకు చేర్చేసరికి అతనికీ యాభై దగ్గర పడింది. పెళ్ళి ఆలోచన ఆ టీ గ్లాసు దగ్గరే మొదలైందని హేమ అంటుంది. అంతకు ముందే అని ఆనందన్ అంటాడు. ఇందులో మనం తలదూర్చనక్కర లేదు.

పెళ్ళి ఒక్క పూటే. సాయంత్రం ముహూర్తం, వెంటనే భోజనాలు. రెండు మూడు చీరలు మార్చుకోవడం తన వల్ల కాదు, కట్టినదాంతోనే అన్నీ అయిపోవాలి అంది హేమ. సరే అంది రంజని. ఆ సరే వెనక ఇంకో పన్నాగం ఉందని మర్నాడు తెలిసింది. నుంగంబాక్కంలో పెళ్ళికూతుళ్ళకు దుస్తులు కుట్టే బ్రైడల్ సెలూన్‌లో రెండు వారాల తరవాతి శనివారానికి అపాయింట్‌మెంటు తీసుకుంది.

"ఇది నా గిఫ్ట్ అత్తా. వద్దనేదానికి లేదు," అంది రంజని. "నా పెళ్ళప్పుడు నువ్వు నిలబడి నిలబడి కాలు వాచిపోయె. నాకు గుర్తుండాది."

"చీరేనా ఆడ?"

"చీర ఉంటాది, గౌను ఉంటాది, లెహంగా ఉంటాది. నీకేం ఇష్టమో అది కుడతారు."

నీకేం ఇష్టమో. ఆ మాట హేమను పట్టుకుంది. భయం కాదు, సంబరమూ కాదు, ఒకరకమైన కుతూహలం. మూసి ఉన్న గదిలో ఏముందో తెలుసుకోవాలన్నట్టు. చిత్రమేమిటంటే ఆ గది తన ఇంట్లోదే.

మర్నాడు సెలూన్ నుంచి వాట్సాప్‌లో సందేశం వచ్చింది. పంపినామె పేరు నీహారిక. విజయవాడ మనిషి కాబోలు, అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టు తెలుగులో రాసింది. రంజని దాన్ని గట్టిగా చదివింది. హేమ తల్లి అలమేలు పీట మీద కూర్చుని మునగాకు దూస్తూ వింది.

"జుట్టు పైకి ముడి వేసుకుని రండి. ముఖానికి ఏమీ రాసుకోవద్దు, బట్టకు అంటుతుంది."

"పెండ్లి గుడ్డలకి పోతా పసుపు కూడా పూసుకోకూడదా?" అంది అలమేలు.

"పెళ్ళిరోజు వేసుకునే చెప్పులే తెచ్చుకోండి, ఎత్తు తెలియాలి. మీతో ఇద్దరికి మించి రావద్దు."

"ఇద్దరా? మీ అవ్వ కాలంలో గుడ్డలకి పోతే వ్యాను సాలేది కాదు."

"మీకు బాగా నప్పిన దుస్తుల్లో ఉన్న ఫొటోలు రెండు మూడు పంపండి. మీ అభిరుచి అర్థమవుతుంది."

ఇక్కడ పని ఆగింది. ఆ సాయంత్రం అత్తా కోడలూ ఫోన్లలో, పాత ఆల్బముల్లో వెతికారు. హేమ ఫొటోలకు లోటేమీ లేదు. ఎర్ర చీరలో, చిలకపచ్చలో, నెమలికంఠం రంగులో, మామిడిపండు రంగులో, ఏది కావాలంటే అది. కాకపోతే అన్నీ దుకాణాల్లో, ఇంటిదగ్గరున్న మగవాళ్ళకూ వియ్యాలవారికీ చూపించడానికి తీసినవి. చీర కనబడితే చాలు కాబట్టి అన్నీ మెడనుంచి కిందికే ఉన్నాయి. రంజని మొదట నవ్వింది. నవ్వుతూ ఇంకో ఫొటో తీసింది, దానిలోనూ మెడ దాకానే. తరవాత నవ్వలేదు.

"ఇది నా చీర అత్తా," అంది. "ఈ ఫొటో తీసింది నేనే."

"నువ్వు తీయాల్సింది చీరనే గదా. తప్పేముండాది?" అంది హేమ. ఆమె నిజంగానే అలా అనుకుంది. చివరికి నీహారికకు ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు ఫొటో పంపారు. అందులో ముఖమైతే ఉంది.

చెప్పులు ఆమె తనే కొనుక్కుంది. జీవితంలో మొదటిసారి మడమ ఎత్తున్నవి. రాత్రి వంటయ్యాక ముందుగదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడక నేర్చుకుంది. రెండోనాడు కింద వాటా ఆవిడ పైకొచ్చి, మేకులు కొడుతున్నారా అని అడిగింది. నడక వారంలో పట్టుబడింది. పట్టుబడనిది ఇంకొకటి ఉంది, ఆమెకు ఏం ఇష్టమో.

ఎదుటివాళ్ళ ఇష్టం కనిపెట్టడంలో హేమకు సాటి లేరు. చీర తన భుజాన ఉండగా అద్దంలోంచి పెళ్ళికూతురిని చూసేది. నచ్చని చీరకు పిల్ల "బాగుంది పిన్నీ" అంటుంది. నచ్చిన చీరకు ఏమీ అనదు, స్టూలు అంచుకు జరుగుతుంది. అప్పుడు హేమ పెద్దవాళ్ళతో "ఇది చాలు, నాకు కాలు నొస్తాండాది" అని ఆ చీర దగ్గరే ఆపేసేది. ఇలా ఎంతమంది ఆడపిల్లలు తమకు నచ్చిన చీరలోనే పెళ్ళాడారో వాళ్ళకే తెలియదు. అంత తెలివీ తన దాకా వచ్చేసరికి మూగబోయింది. అద్దం ముందు నిలబడితే స్టూలు మీద కూర్చునేదెవరు?

ఒకరోజు పని దిగి బస్సులో వస్తూ, ఇదేదో తేల్చుకుందామని ఇంటికి పోకుండా పెద్ద బజారులోని పాత పట్టుచీరల దుకాణంలోకి వెళ్ళింది. అక్కడి ముత్తురాజ్ ఆమెను చూసి వెంటనే తెల్లగుడ్డ పరిచాడు. ఎన్నేళ్ళ పరిచయమో.

"రండమ్మా. ఈసారి ఎవరికి? పెళ్ళికూతురు వెనక వస్తా ఉందా?" అని తమిళంలో అడిగాడు.

నాకే అంటే అయిపోయేది. "మా చుట్టాలమ్మాయికి. రాలేదు," అంది.

"వయసెంత? రంగు?"

"నా రంగే. వయసు నలభై ఆరు."

ముత్తురాజ్ చేతిలో చీర మడత అలాగే ఉండిపోయింది. మంచివాడు, నవ్వలేదు. లోపలికి పోయి వేరే చీరలు తెచ్చాడు. బిస్కట్టు రంగు, బూడిద రంగు, ఎండకు వెలిసిన గులాబీ రంగు. సన్నటి అంచులు. "ఆ వయసుకు ఇవి మర్యాదగా ఉంటాయమ్మా. కంటికి కొట్టవు," అన్నాడు. ఒకదాన్ని విప్పి అలవాటుగా ఆమె భుజాన వేశాడు. హేమ అలవాటుగా నిటారుగా నిలబడింది. అద్దంలో బూడిదరంగు పట్టు, దాని పక్కన ఖాళీ స్టూలు. ఇది నాకు నచ్చలేదు అని ఆమెకు తెలిసింది. ఆ తెలిసినందుకే ఎంత సంతోషించిందో చెప్పలేను. నచ్చనిదేదో తెలిస్తే నచ్చేది ఎక్కడో ఉన్నట్టే కదా.

"పెళ్ళికూతురిని అడిగి చెబుతా," అని బయటపడింది.

ఇంటికొచ్చేసరికి అలమేలు మునగాకు దూస్తూ ఎదురుచూస్తోంది. సెలూన్ సంగతి ఆమె బాగా ఆలోచించి పెట్టుకుంది. పీటల మీద కట్టేదీ ఆ సెలూన్ గుడ్డే కాబట్టి అది ముహూర్తం గుడ్డే అవుతుంది. ముహూర్తం గుడ్డ ముందుగా పెళ్ళికూతురి ఒంటిని తాకకూడదు. రంజనికి పెళ్ళయింది, ఆమె పనికిరాదు.

"మూడో వీధి రంగనాథం కూతుర్ని అడిగినా. వస్తానని చెప్పె. నీ బదులు ఆ పిల్ల నిలబడతాది. కాలేజీ పిల్లే, అయినా నీ ఎత్తే ఉండాది," అంది అలమేలు.

హేమ కాళ్ళు కడుక్కుని వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని ప్రశ్న ఒకటి అడిగింది.

"అమా, పెళ్ళికూతురు ఎందుకు వేసుకోకూడదు?"

"ఎందుకేంది? కూడదు. అంతే."

"ఎవురు చెప్పిరి? ఎప్పుటినుంచి?"

అలమేలు చేతిలోని రెమ్మ పక్కన పెట్టింది. నెమ్మదిగా తవ్వుకుంటూ చెప్పింది. "నా పెండ్లికి గుడ్డలు జార్జి టౌన్‌లో తీసిరి. మా నాయనకి తెలిసిన హోల్‌సేల్ సేటు ఆడ ఉండె. ఆ సందుల్లో తోపుడుబండ్లు, మూటలు మోసేవాళ్ళు, మగోళ్ళ రద్దీ. పెండ్లికూతుర్ని ఆడికి ఎట్ల తీసుకోని పొయ్యేది? మా చిన్నమ్మకి పెండ్లి కాలే, నా రంగే ఆమెది. ఆమెని తీసుకోని పొయ్యి చూసుకోని వచ్చిరి. ఆనక మా చెల్లెలికీ అట్లే చేసిరి. ఆనక అందరికీ అట్లే."

"అంతేనా? దోషం, గీషం ఏం లేదా?"

"అప్పుడేం అనలే. దోషమని ఎవురు ఎప్పుడు చేర్చిరో."

హేమకు నవ్వొచ్చింది. పాతికేళ్ళకు పైగా తను మోసిన ఆచారం మొదట్లో జార్జి టౌన్ రద్దీ అన్నమాట.

"నీ చీర నువ్వు చూడనే లేదా అమా?"

"పీటల మీదికి పోయేముందర చూసినా. పచ్చది." దూసిన ఆకు చాటలోకి నెట్టింది. "నాకు పచ్చ ఇష్టం లేదు."

అది విన్నాక ఇక తల్లి ఒప్పుకున్నట్టేనని హేమ అనుకుంది. కానీ అలమేలు ముఖం ముడుచుకుంది. "అయినా నువ్వు వేసుకోవద్దు మే," అంది.

"ఇంకా ఎందుకు?"

"ఎదురింటామె ఒగసారి అనింది. ఊరోళ్ళ పెండ్లి చీరలన్నీ మోసిన భుజానికి సొంత చీర ఎక్కదని. నాకు వినబడాలనే అనింది. నేను విన్యా. వినీ మళ్ళా ఆదివారం నిన్ను పంపించినా. ఎందుకు పంపించినానో నాకే తెలీదు. బాగా నిలబడతావని అందరూ అంటా ఉంటే నాకు గొప్పగా ఉండె. ఇప్పుడు ఇన్నాళ్ళకి ఒగటి వచ్చింది. ఏదన్నా తప్పు జేసి ఇది చెడితే నేను తట్టుకోలేను హేమా."

అలమేలు ఏడవలేదు. మునగాకు పుల్లలు ఏరి ఒకచోట పెట్టింది. ఆ మాట తల్లి ఇన్నేళ్ళు ఒంటరిగా మోసిందని హేమకు ఇప్పటిదాకా తెలియదు.

"అమా, నాకు చూసుకోవాలని ఉండాది," అంది. "నాదని తెలిసి వేసుకుంటే ఎట్ల ఉంటానో ఒగసారి చూసుకోవాలని ఉండాది. ఆ పిల్ల వేసుకుంటే నాకు తెలియదు. నువ్వూ రా. ఆడికొచ్చి వద్దంటే విడిచేస్తా."

శనివారం ఉదయం, పనికి సెలవు పెట్టిన హేమ జుట్టు ముడి వేసుకుని, ఉత్త ముఖంతో, చెప్పుల సంచి పట్టుకుని గదిలోంచి వచ్చేసరికి, తల్లి మంచి చీర కట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. రంగనాథం కూతురు మాత్రం రాలేదు. రావద్దని చెప్పిందో, ఆ పిల్లే మరిచిందో, హేమ అడగలేదు. ముగ్గురూ ఆటోలో బయల్దేరారు.

సెలూన్ దుకాణంలా లేదు. గుడ్డ పరిచే తిన్నె లేదు, కేకలు లేవు, కూల్‌డ్రింకు తెచ్చి పెట్టేవాళ్ళు లేరు. ఒక పెద్ద అద్దం, దానిముందు చిన్న అరుగు, ఎదురుగా సోఫా, గోడ పొడుగునా వేలాడే దుస్తులు. మూలన తెల్లటి నిలువెత్తు బొమ్మ. నీహారిక ఎదురొచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, మెడలో కొలత టేపు.

"మీరే కదండీ హేమమాలిని గారు! ఫొటోలో చూశానుగా. రండి, కూర్చోండి బామ్మగారూ," అంది. తరవాత హేమతో, "మీరేమీ చెప్పక్కర్లేదండీ. అలా నడుచుకుంటూ వెళ్ళి, చెయ్యి వేసి చూడండి. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగండి," అంది.

హేమ నడిచింది. కొత్త చెప్పుల చప్పుడు తప్ప గదిలో ఇంకేం లేదు. బిస్కట్టు రంగు దాటింది. బంగారు పనితనంతో బరువెక్కిన లెహంగాలు దాటింది. మిరపపండు రంగు పట్టుతో కుట్టిన పొడుగాటి గౌను ఒకటి, మోచేతుల దాకా చేతులు, అంచుకు సన్నటి జరీ తప్ప ఇంకేమీ లేదు, దాని దగ్గర చెయ్యి ఆగింది. ఎందుకాగిందో ఆమెకు తెలియలేదు. తీయబోతే చెయ్యి రానంది. ఇంత ఎరుపా, ఈ వయసులోనా అని లోపల ఎవరో అడిగారు. ఆ గొంతు ముత్తురాజ్‌దిలాగే ఉంది. దాన్ని ఆమె పట్టించుకోలేదు.

"ఇది," అంది.

"అమ్మాయ్, దాన్ని ఆ బొమ్మకి తొడుగు," అంది అలమేలు సోఫాలోంచి.

నీహారిక అర్థంకాక చూసింది. రంజని ఆచారం సంగతి చెప్పింది. "అవ్వ చెప్తే అంతే. బొమ్మకి పెళ్ళి కాలేదు గదా," అని కూడా చేర్చింది.

"తొడుగుతాను కానీ బామ్మగారూ, బొమ్మ కొలతలు వేరండీ. దానికి నడుం లేదు, మనలాగా పొట్టా లేదు," అంటూనే నీహారిక ఓపికగా గౌను బొమ్మకు తొడిగింది. అలమేలు లేచి వెళ్ళి బొమ్మ చుట్టూ తిరిగింది. నాలుగడుగులు వెనక్కి జరిగింది. తల పక్కకు వంచింది. హేమ అరుగు పక్కన నిలబడి చూసింది. తల్లి ఇప్పుడు వద్దంటే ఊరుకుంటానని మాట ఇచ్చింది. ఆ మాట ఎందుకిచ్చానా అని ఇప్పుడు అనిపిస్తోంది.

"ఇంత తెల్లగా ఉండాది ఈ బొమ్మ," అంది అలమేలు చివరికి. "మా పిల్ల రంగుకి ఇది ఎట్లుంటాదో దీన్ని చూస్తే ఎట్ల తెలిసేది?"

"తెలీదండీ," అంది నీహారిక. "ఆవిడ వేసుకుంటేనే తెలిసేది."

అలమేలు బొమ్మనూ చూడలేదు, నీహారికనూ చూడలేదు. కొంగు సర్దుకుంది. సోఫాలో కూర్చుని చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది.

"పొయ్యి వేసుకోని రా మే," అంది. "నాకైతే ఎవురూ చూపీలే. నువ్వన్నా చూసుకో."

తెరవెనక నీహారిక హుక్కులు పెట్టింది. ఎన్నో చీరల బరువు తెలిసిన భుజమే, ఈ గుడ్డ కొత్తగా తగిలింది. దించి మడతపెట్టి ఇంకెవరికో ఇచ్చేయవలసిన పని లేదు. బయటికొచ్చి అరుగెక్కింది. అలవాటుకొద్దీ కదలకుండా నిటారుగా నిలబడింది. అద్దంలో మిరపపండు ఎరుపులో నలభై ఆరేళ్ళ మనిషి ఉంది, ఉత్త ముఖం, చెవులపక్క నెరిసిన జుట్టు. ఆమెను చూసి హేమ ఆశ్చర్యపోయింది. పరాయిదానిలా లేదు. ఇన్నాళ్ళూ ఎక్కడుందో అనిపించింది. రంజని రెండు చేతులతో నోరు మూసుకుంది.

"భుజం దగ్గర కాస్త తగ్గిద్దామా? పొడుగు సరిపోయిందాండీ?" అని నీహారిక గుండుసూదులు పట్టుకుని చుట్టూ తిరిగింది. తరవాత సోఫా వైపు తిరిగింది. "మీరు చెప్పండి బామ్మగారూ. డ్రెస్సు ఎలా ఉంది?"

అలమేలు అప్పటికే లేచి వచ్చింది. వెనక్కి జరగలేదు, తల పక్కకు వంచలేదు. కూతురికి ఎదురుగా, బాగా దగ్గరగా వచ్చి నిలబడింది.

"డ్రెస్సు ఆనక చూస్తా ఉండమ్మా," అంది. "ముందు నా కూతుర్ని చూడనీ."